చలి చాలని మొక్క

ఐసు ఫ్యాక్టరీ గేటు దగ్గర జకరయ్య గోనెసంచి మూతిని రెండు చేతులతో వెడల్పు చేసి పట్టుకుంటే, అక్కడ పనిచేసే ఖాజా నేల మీద చెదిరిన ఐసు తునకలను పారతో ఎత్తి అందులో వేస్తున్నాడు. పెద్ద దిమ్మలు బండికెక్కేటప్పుడు విరిగి రాలిన ముక్కలవి. ఎవరూ ఎత్తుకుపోకపోతే కాలవలోకి కరిగిపోయే సరుకు. సంచి సగం నిండేసరికే అడుగున తడి ఊరి, జకరయ్య పాదాల మీద చుక్కలు చుక్కలుగా పడసాగింది. చెప్పులు లేని పాదాలవి. చెప్పులు లేక కాదు. తడిసి పాడవుతాయని ఇంట్లో పెట్టి వచ్చాడు. మనిషి సంగతి ఇంకా చెప్పాలా?

మొదట్లో జకరయ్యను చూస్తే ఖాజాకు గుండె గుభేలుమనేది. చర్చి వాళ్ల సమాధుల తోటలో గుంతలు తవ్వే మనిషి తెల్లవారకముందే ఐసు కోసం వచ్చాడంటే నంద్యాలలో ఏదో ఒక ఇంట్లో ఏడుపులు మొదలైనట్టే. దూరం నుంచి రావలసిన చుట్టాలుంటే వాళ్లు వచ్చేదాకా శవాన్ని ఐసు దిమ్మల మీద ఉంచేవాళ్లు. అద్దాల ఫ్రీజరు పెట్టెలు అద్దెకు దొరుకుతున్నాయి కాబట్టి ఇప్పుడు ఆ అవసరం తగ్గింది కానీ, పెట్టె దొరకని ఇళ్లు ఇంకా ఉన్నాయి. అందుకే మొన్న డిసెంబరులో జకరయ్య వరసపెట్టి రోజూ వస్తుంటే, ఊళ్లో ఏదో మాయరోగం దిగిందని ఖాజా తన పిల్లల్ని బడికి కూడా పంపలేదు. ఎవరూ పోలేదు, ఒక మొక్కకు వెయ్యాలని జకరయ్య చెప్పాక నవ్వడం మొదలుపెట్టాడు. నెల దాటినా ఆ నవ్వు పూర్తిగా ఆగలేదు.

ఈ రోజు మాత్రం నవ్వలేదు. జకరయ్యకు దగ్గు తెర వచ్చింది. సంచి వదలకుండానే వంగిపోయి, చాలాసేపటికి గానీ నిటారుగా నిలబడలేకపోయాడు.

"జకరన్నా, ఆ దగ్గేందీ అట్ల వస్తాంది? సంచి నా బండి మీద పెట్టు. నేను తెచ్చి ఆడ పడేస్తా," అన్నాడు ఖాజా.

"వద్దప్పా. బండి మీద పోయేలోగా కరిగిపోతాది."

"నడిచిపోతే కరగదా?"

జకరయ్య ఆలోచించాడు. మోటారు సైకిలు మనిషి కంటే ముందు పోతుందని ఆయనకు తెలియక కాదు. ఈ మధ్య ఇలాంటి చిన్న లెక్కలు కూడా తలలో అడ్డం తిరుగుతున్నాయి. ఇంకొకరి చేతికిస్తే చలి తగ్గిపోతుందన్నట్టు సంచిని భుజానికెత్తుకొని, మెడ మీద నీళ్లు కారకుండా ఒక యూరియా సంచి కప్పుకొని బయలుదేరాడు. ఆ యూరియా సంచికి రెండు చోట్ల చిరుగులున్నాయి.

మంచు దట్టంగా ఉంది. ఆళ్లగడ్డ పోయే మొదటి బస్సు లైట్లు వేసుకొని, దారి వెతుక్కుంటూ పోతున్నట్టు మెల్లగా పోయింది. టీ బంకుల దగ్గర తలలకు మఫ్లర్లు చుట్టుకున్న జనం గ్లాసులను రెండు చేతులా పట్టుకొని నిలబడ్డారు. నంద్యాల చలి ఎంతలే, పొద్దెక్కేదాకానే దాని జులుం. శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారు. ఇక్కడైతే శివరాత్రి దాకా కూడా ఆగదు. జకరయ్య దిగులంతా అదే. ఈ ఊరి చలి ఒక మొక్కకు చాలడం లేదు.

ఈ రోజు నిర్మల వస్తుంది. వచ్చి ఆ మొక్కను చూస్తుంది. అది బతికి ఉందో, చచ్చిందో ఆమెకు చెప్పాలి. చెప్పడానికి జకరయ్యకే తెలియదు.

నిర్మల తల్లి శాంతమ్మ టీచరు. మిషన్ బడిలో ఊళ్లో సగం మందికి అక్షరాలు దిద్దించిన మనిషి. మూడేళ్ల కిందట జనవరిలో పోయింది. కొడుకు రాజశేఖర్ ఆళ్లగడ్డలో శిల్పాల షెడ్డు నడుపుతాడు. కూతురు నిర్మల ఎక్కడో హిమాచల్ కొండల్లో, మంచు పడే ఊళ్లో నర్సు. కబురు అందిన రోజే ఆమె బయలుదేరింది కానీ కొండ దారి మీద మంచు పడి రోడ్డు మూసుకుపోయింది. శాంతమ్మను ఐసు మీద రెండు రోజులు ఉంచారు. ఆ ఐసు మోసిందీ జకరయ్యే. ఇక ఉంచలేమని పెద్దలంటే మట్టి కప్పిందీ ఆయనే. నిర్మల వచ్చేటప్పటికి సమాధి మీద దండలు వాడి గలగలమంటున్నాయి. ఆమె పెద్దగా ఏడవలేదు. ఆ పచ్చి మట్టిలో చెయ్యి పెట్టి, "అమ్మకు చలిగా ఉండిందా చిన్నాయనా?" అని అడిగింది. నర్సు పని చేసే మనిషి అడగవలసిన మాట కాదది. జకరయ్య ఎటూ చెప్పలేక తల మాత్రం ఊపాడు. అది అవునని ఊపాడో కాదని ఊపాడో ఆయనకే గుర్తు లేదు.

మరుసటి ఏడు జ్ఞాపకార్థ కూడికకు వచ్చినప్పుడు ఆమె గోనెగుడ్డలో చుట్టిన ఎండుపుల్లల కట్ట ఒకటి తెచ్చింది. పూల మొక్క అంది. పేరేదో చెప్పింది గానీ అది జకరయ్య నోట నిలవలేదు. చలికాలం వస్తే ఆకంతా రాల్చుకొని నిలువునా మంచులో కూరుకుపోతుందట. నెలల తరబడి మంచు కింద పడి ఉండి, ఎండ మొహం చూడగానే నేరేడు పండు రంగు గుత్తులు పూస్తుందట. నన్ను ఆపిన మంచు దీన్నేం చెయ్యలేదు, అందుకే తెచ్చినా అంది నిర్మల. శాంతమ్మ తల వైపు ఇద్దరూ కలిసి నాటారు. తెచ్చిన రోజూ అది పుల్లే, ఇప్పుడూ పుల్లే. ఆ రోజు బతికే ఉండింది కాబట్టి ఈ రోజూ బతికే ఉండవచ్చని జకరయ్యకు ఒక ఆశ.

మొదటి ఏడు ఆకులు వేసింది, పువ్వు లేదు. రెండో ఏడు ఆకులూ తక్కువే, పువ్వు అసలే లేదు. ఫోనులో ఆ మాట చెబితే, "దానికి ఈడి చలి చాల్లేదు చిన్నాయనా," అంది నిర్మల. ఆమె ఊరికే అన్న మాట. జకరయ్యకు మాత్రం పని అప్పగించినట్టయింది. చలి చాలకపోతే చలి తేవాలి. నంద్యాలలో చలి ఎక్కడ దొరుకుతుందో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

చిక్కల్లా ఏమిటంటే, ఈసారి ఆ మొక్క చలికాలం దాకా ఆగలేదు. దసరా ఎండలకే ఆకు అంచులు మాడి, గాలి లేకుండానే రాలిపోయాయి. చలికి రాల్చుకుంటే నిద్ర. ఎండకు రాలితే? అక్కడే జకరయ్య బుర్ర ఆగిపోయింది. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక నిర్మల ఫోను చేసి మొక్క ఎట్లుంది అంటుంది. బాగుంది అంటాడు. ఆకులు రాలినాయా అంటుంది. రాలినాయి అంటాడు. మంచిదే, రాలాలి అంటుంది. ఆమె మాటతో ఆదివారం గడుస్తుంది. సోమవారానికి మళ్లీ మొదటికొస్తుంది.

తోట గేటు తీసి లోపలికి వచ్చి, శాంతమ్మ సమాధి దగ్గర సంచి దించాడు. రాజశేఖర్ షెడ్డులోనే చెక్కించిన సమాధి రాయి అది. దేవుళ్లనూ నందులనూ చెక్కే చేతులు శిలువ ఒక్కటే చెక్కి ఊరుకోలేక, దాని కింద ఒక పద్మం కూడా చెక్కాయి. పాస్టరుగారు కొంచెం ముఖం చిట్లించినా, చూడడానికి బాగుందని అందరూ ఒప్పుకున్నారు. ఆ పద్మానికి జానెడు దూరంలో మొక్క. నడుము ఎత్తున నాలుగైదు పుల్లలు, గరుకుగా, బూడిద రంగులో. జకరయ్య ఐసు తునకలను మొదలు చుట్టూ పేర్చి, వాటి మీద వరిగడ్డి కప్పి, చేతులు చంకల్లో పెట్టుకొని చతికిలబడ్డాడు. వేళ్లకు స్పర్శ తెలియడం లేదు. గుండె మీద ఎవరో మోకాలు పెట్టి కూర్చున్నట్టుంది.

ఆ ఎద నొప్పి కొత్తది కాదు. పెళ్లికి ముందు పదేళ్లు ఆళ్లగడ్డ షెడ్లలో రాయి నునుపు చేసే కూలి ఆయనది. సాయంత్రానికి కనురెప్పల నుంచి కాలిగోళ్ల దాకా తెల్లటి పొడి. చూసినవాళ్లు, ఏందప్పా నువ్వే బొమ్మవైపోయినావే అని ఎగతాళి చేసేవాళ్లు. లోపల ఎంత పొడి చేరిందో ఎవరికీ కనిపించలేదు. ఊపిరి ఆడక రాత్రిళ్లు కూర్చొని గడిపే స్థితి వచ్చాక, అప్పటి పాస్టరు రాతిని వదిలి మట్టికి రమ్మని ఇక్కడికి పిలుచుకొచ్చాడు. అప్పటినుంచి ఈ తోటే. గుంతలు తవ్వడం, పూడ్చడం, గడ్డి చెక్కడం, క్రిస్మస్ ముందు సమాధులకు సున్నం కొట్టడం. ఎవరూ తలచుకోని పని, ఎవరికీ తప్పని పని.

లేచి చిన్న బకెట్టుతో బోరింగు దగ్గర నీళ్లు పట్టి గోడ పక్కనున్న బంతి మొక్కలకు పోశాడు. మళ్లీ పట్టి, వేపచెట్టుకు ఇవతల ఉన్న బంతి మొక్కలకు పోశాడు. ఈ రెండు చోట్ల సంగతి ఊళ్లో చాలామందికి తెలియదు.

జకరయ్యకు ఒక కూతురుండేది, దీవెన. ఆ పిల్లా నిర్మలా ఒకే తరగతి, ఒకే చాప మీద కూర్చున్నవాళ్లు. రెండో తరగతిలో ఉండగా దీవెన జ్వరం తగిలి పోయింది. రాయి పెట్టే తాహతు లేక జకరయ్య కర్ర శిలువ గుచ్చాడు. తర్వాత కుందూ నది పొంగిన ఏడు నీళ్లు తోటలోకి వచ్చి, పిల్లల దిబ్బలన్నిటినీ చదును చేసి, కర్రలన్నీ ఊడ్చుకుపోయాయి. ఎవరి తాత ఎక్కడున్నాడో కళ్లు మూసుకొని చూపించే మనిషికి తన బిడ్డ చోటు తెలియకుండా పోయింది. గోడ పక్కన అంటుంది భార్య గోవిందమ్మ. వేపచెట్టుకు ఇవతల అంటాడు జకరయ్య. ఒక్కోనాడు ఆమె మాటే నిజమేమో అనిపించి అదే చెబితే, కాదులే, నువ్వు చెప్పిన చోటే అంటుందామె. ఒకరి బాధ చూడలేక ఇంకొకరు ఒప్పుకుంటూ వచ్చి, చివరికి ఇద్దరికీ ఏమీ మిగలలేదు. అందుకని రెండు చోట్లా నీళ్లు పోస్తాడు. ఒకచోట తన బిడ్డ, ఇంకోచోట ఎవరి బిడ్డో. పోనీలే, ఆ బిడ్డకు మాత్రం ఎవరున్నారు అని సరిపెట్టుకుంటాడు. ఆ తికమకను ఇన్నేళ్లుగా మోస్తున్నవాడు కాబట్టే, ఈ మొక్క విషయంలో ఇంకో తికమక మోయడం ఆయన వల్ల కావడం లేదు. ఉందో లేదో, ఏదో ఒకటి తేలాలి.

తేల్చేవాళ్లకు కొదవా? నలుగురిని అడిగితే నాలుగు మాటలు. చర్చి కమిటీ సెక్రటరీ జీవన్ కుమార్ నిలబడిన చోటి నుంచే చూసి, ఎండుకట్టె, పీకి పొయ్యిలో పెట్టుకో, కాగితపు పూల చెట్టు పెడదామన్నాడు. గోవిందమ్మ గోటితో బెరడు గీకి పచ్చగా ఉందని చెప్పింది. కానీ దీవెన ఒళ్లు కాలిపోతున్నప్పుడు కూడా, చెయ్యి పెట్టి చూసి, తగ్గిందిలే అన్న మనిషి ఆమె. ఆమె నోట అబద్ధం రాదు, ఓదార్పు వస్తుంది. జకరయ్యే గీకి చూద్దామంటే రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. పచ్చనా గోధుమా ఆయనకు ఒకటే మసక.

మంచు పలచబడేవేళకు గేటు దగ్గర బయ్యమ్మ చీపుర్ల మోపు దించింది. నల్లమల అడవి పక్క గూడెం నుంచి నంద్యాల బజారుకు చీపుర్లు తెచ్చే చెంచు ముసలమ్మ ఆమె. తోటలో బోరింగు నీళ్లు తాగి పోవడం ఆమెకు అలవాటు. జకరయ్య ఆమెను మొక్క దగ్గరికి పిలుచుకొచ్చి, సచ్చిందా బతికుందా చూసి చెప్పమన్నాడు. బయ్యమ్మ కొమ్మను ముట్టుకోను కూడా లేదు. నడుం మీద చేతులు పెట్టుకొని నవ్వింది.

"చలి పోయి ఎండ పడే నాటికి మా అడివంతా ఇట్లనే మోడుగా ఉంటాది గదప్పా. అడివి సచ్చిపోయిందని మేం ఏడ్సుకుంటా కూసుంటామా?"

జకరయ్యకు ప్రాణం లేచొచ్చింది. "అయితే బతికుందంటావా?"

బయ్యమ్మ నవ్వు ఆపి మొక్కను, దాని కిందున్న ఐసును, మళ్లీ మొక్కను చూసింది. "ఇది మా అడివి చెట్టు కాదే. దీని సంగతి దీన్ని కన్న కొండకే తెలియాల," అని, నీళ్లు తాగి, మోపు ఎత్తుకొని పోయింది. లేచొచ్చిన ప్రాణం మళ్లీ కూలబడింది.

గోవిందమ్మ రాగి జావ తెచ్చింది. రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెట్టాడు. జ్వరం చూద్దామని ఆమె ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టబోతే తల పక్కకు తిప్పుకున్నాడు. ఆ మొక్క మంచుకు పుట్టింది, చలికి ఓర్చుకుంటుంది, నువ్వేం చూసుకొని ఓర్చుకుంటావని ఆమె తిట్టడం మొదలుపెట్టింది. రోజూ తిట్టే తిట్లే. ఈ రోజు మాత్రం మధ్యలో ఆపి, కొంగు చివరతో ఆయన తడి మెడ తుడిచింది. నిర్మల పాప వస్తుంది, ఏం చెప్పాలే అని అడిగాడు జకరయ్య. ఉన్నది చెప్పు అంది. ఉన్నదేందో తెలిస్తే గదా అన్నాడు. ఆమె జావ గ్లాసు తీసి మళ్లీ ఆయన చేతిలో పెట్టింది.

ఎండ బాగా ఎక్కాక ఆళ్లగడ్డ నుంచి వచ్చిన బస్సు దిగి నిర్మల వచ్చింది. ముందురోజు అన్న ఇంట్లో దిగి, పొద్దున్నే బయలుదేరిందట. సన్నగా, పొడుగ్గా, అచ్చం శాంతమ్మ టీచరు నడకే. ఆమెను గేటు దగ్గర చూడగానే జకరయ్య లేచి నిలబడి, లుంగీకి అంటిన గడ్డి దులుపుకొని, రాత్రంతా కూర్చుకున్న మాట చెప్పడానికి నోరు తెరిచాడు. మాట బదులు దగ్గు వచ్చింది. అది తగ్గేసరికి నిర్మల వేళ్లు ఆయన మణికట్టు మీదున్నాయి.

"మొక్క ఈడుంది పాపా," అన్నాడు, ఆమె దారి తప్పి తన దగ్గరికి వచ్చిందనుకొని.

ఆమె మొక్క వైపు చూడలేదు. ఆయన్ను సమాధి అరుగు మీద కూర్చోబెట్టి, వీపుకు చెవి ఆనించి ఊపిరి పీల్చమంది, వదలమంది. తడిగుడ్డ పిండుతున్న చప్పుడు. ఎన్ని రోజుల నుంచి అని గోవిందమ్మను అడిగింది. గోవిందమ్మ వేలితో ఐసు సంచిని చూపించింది. నిర్మలకు మొదట అర్థం కాలేదు. వరిగడ్డి పక్కకు తోసి, కింద కరుగుతున్న తునకలను చూసి, ఏందిదని అడిగింది.

"చలి చాల్లేదని చెప్పినావు గదా," అన్నాడు జకరయ్య.

నిర్మలకు నవ్వు వచ్చింది. నవ్వుతూనే ముఖం మారిపోయి, కళ్ల నుంచి నీళ్లు జలజలా రాలాయి. తల్లి పోయినప్పుడు కూడా ఇంతగా ఏడవని మనిషి, ఐసు ముక్క చేతిలో పట్టుకొని నిలువునా ఏడ్చింది. ఎందుకేడుస్తుందో జకరయ్యకు అర్థం కాలేదు. మొక్క చచ్చిందని తెలిసిపోయిందేమో అనుకున్నాడు.

"పాపా, నీతో అబద్ధం చెప్పినా. ప్రతి ఆదివారం బాగుందని చెప్తా వచ్చినా. అది ఎట్లుందో నాకు తెల్దు. కండ్లు కనపడవు. అందరినీ అడిగినా, ఒకరు చెప్పినట్టు ఒకరు చెప్పరు."

నిర్మల ముఖం తుడుచుకొని, అన్నకు ఫోను చేసి వెంటనే కారు తెమ్మంది. రాజశేఖర్ అప్పటికే బయలుదేరి సగం దారిలో ఉన్నాడు. వాడు రాగానే ఆసుపత్రికి పోదాం చిన్నాయనా అంది. కూడిక అయినాక పోదామన్నాడు జకరయ్య. పాస్టరుగారు, శాంతమ్మ దగ్గర చదువుకున్న నలుగురైదుగురు అప్పటికే గేట్లోకి వస్తున్నారు. కారు వచ్చేదాకానే, వచ్చినాక ఒక్క మాట వినను అంది నిర్మల. ఆయన ఒప్పుకున్నాడు. ఒప్పుకొని, ముందు దాన్ని చూడు అన్నాడు.

ఆమె మోకాళ్ల మీద కూర్చుంది. పై కొమ్మను గీకింది. లోపల గోధుమ రంగు, పొడి. ఇంకాస్త కిందికి గీకింది, అదీ ఎండే. మొదలు దగ్గర, ఐసుకు ఆనుకొని ఉన్న చోట గీకింది. బెరడు కింద పచ్చటి గీత, సన్నగా, నవనవలాడుతూ. ఇక్కడ చదివేవారికి ఒక మాట చెప్పాలి: ఆ పచ్చదనం నిజం. నిర్మల దాన్ని కళ్లారా చూసింది.

"పచ్చగుంది చిన్నాయనా. పైన ఎండినాది గానీ కింద బతికుంది. నిద్రపోతాంది."

జకరయ్య ఆమె ముఖంలోకి చూశాడు. మసకలో ఒక తెల్లటి గుండ్రం తప్ప ఏమీ కనపడలేదు. గొంతు మెత్తగా ఉంది. రోగుల మంచాల పక్కన నిలబడి, ఏం కాదులేమ్మా అని చెప్పీ చెప్పీ అలవాటైన గొంతు. గోవిందమ్మ గొంతు కూడా ఆనాడు ఇలాగే ఉండింది.

"నా మీద ఒట్టు?"

"నీ మీద ఒట్టు," అని ఆమె ఆయన చూపుడు వేలు పట్టుకొని, గీకిన చోట ఆనించింది. "చూడు. సచ్చిన కట్టెకు తడి ఉంటాదా?"

వేలికి తడి తగిలింది. చల్లటి తడి. అది చెట్టు తడో, ఐసు తడో! చుట్టూ ఐసు పేర్చిందే తాను. అడుగుదామనుకున్నాడు గానీ, మళ్లీ ఆమె ఏడుస్తుందేమోనని మింగేశాడు.

"రేపు గూడా ఐసు ఎయ్యాల్నా?"

"చాలు. నువ్వు తెచ్చిన చలి దానికి చాలు. దానికి కావాల్సింది చలి, నిజమే. నీకొద్దు."

ఆమె సంచిలోంచి ఒక ఉన్ని టోపీ తీసింది. బూడిద రంగుది, చెవుల మీదికి దిగేది. నైటు డ్యూటీల్లో ఆయన కోసం తానే అల్లిందట. బస్సులో కూర్చొని అల్లుతుండగానే నంద్యాల వచ్చేసిందని, ఇంకా కొంచెం పని మిగిలిందని చెబుతూ, తానే ఆయన తలకు తొడిగి చెవుల మీదికి లాగింది. జకరయ్యకు ఒక్కసారిగా చప్పుళ్లన్నీ దూరమయ్యాయి. ఇంత వెచ్చదనం ఆయన తలకు ఎప్పుడూ తెలియదు. టోపీ సవరిస్తున్న చేతులు నిర్మలవే అయినా, ఒక క్షణం ఆయనకు అవి దీవెనవేమో అనిపించింది. కాదని తెలుసు. అయినా, పెరిగి ఉంటే దాని చేతులూ ఈపాటికి ఇంతే అయ్యేవని అనుకున్నాడు. అలా అనుకున్నందుకు ఏడుపు రాలేదు, సుఖంగానే ఉంది.

కూడిక మొదలైంది. పాస్టరుగారు వాక్యం చదివారు. శాంతమ్మ దగ్గర చదువుకున్న ఒక ఆర్టీసీ డ్రైవరు లేచి, తనను టీచరు ఎన్నిసార్లు గోడకుర్చీ వేయించిందో చెప్పి నవ్వించి, కూర్చొని కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత పాట అందుకున్నారు. గోవిందమ్మ గొంతు ఎప్పటిలాగే అందరికంటే ఒక అడుగు ముందు పోతోంది. జకరయ్య అరుగు మీద, ఎండ పడే వైపు, రాతికి వీపు ఆనించి కూర్చున్నాడు. మోకాలు పెట్టి గుండె మీద కూర్చున్నవాడు మెల్లగా లేచిపోతున్నట్టుంది. చూపుడు వేలికి అంటిన తడిని బొటనవేలితో రాసి చూసుకున్నాడు. ఐసు నీళ్లయితే ఇంతసేపటికి ఆరిపోవాలి. చెట్టు తడి అయితే కొంచెం జిగురు ఉండాలి. రాశాడు. జిగురు తగిలినట్టే ఉంది. కాదేమో అని మళ్లీ రాశాడు. తగిలినట్టే ఉంది. ఇంకొకసారి చూద్దామని రెండు వేళ్లు కలిపాడు.

పాట ముగిసింది. ఆఖరి ప్రార్థనకు అందరూ లేచి నిలబడ్డారు, ఆయన లేవలేదు. ముసలాయనకు ఎండ వెచ్చగా తగిలి కునుకు పట్టిందనుకున్నారు. ఆమెన్ అన్నాక కూడా అలాగే ఉన్నాడు. పాపం, లేపొద్దు, కారు వచ్చినాక లేపుదామన్నాడు డ్రైవరు.

నిర్మల దగ్గరికి వెళ్లింది. రెండు వేళ్లు మెడ మీద పెడితే తేలిపోయే విషయం. ఎన్నో మెడల మీద, ఏమాత్రం వణకకుండా పెట్టిన వేళ్లవి. ఈ రోజు పైకెత్తిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. పెట్టనంతవరకు ఆయన నిద్రపోతున్నాడు. పెడితే ఏదో ఒకటి అవుతుంది. ఆమె గోవిందమ్మ వైపు చూసింది, మీరు చెప్పండి అన్నట్టు.

గోవిందమ్మ వచ్చి, కొంగుతో చెయ్యి తుడుచుకొని, భర్త నుదుటి మీద పెట్టింది. ఈసారి ఆయన తల తిప్పుకోలేదు. చాలాసేపు చెయ్యి అలాగే ఉంచి, "జరం తగ్గింది," అంది. ఆ మాట అని కింద కూర్చొని, చెప్పుల్లేని ఆయన చల్లటి పాదాలను కొంగులో చుట్టుకుంది.

రాజశేఖర్ కారు గేటు దాకా వచ్చింది. నలుగురూ కలిసి జకరయ్యను ఎత్తుకున్నారు. ఇన్నేళ్లూ అందరినీ దించిన మనిషి ఎత్తడానికి ఏమంత బరువు లేడు. ఎత్తేటప్పుడు తల నుంచి జారిన టోపీని ఎవరూ గమనించలేదు. ఎండపొడ మెల్లగా జరిగి, అరుగు మీద నీడ వైపు పడిన ఆ టోపీ మీదికి వచ్చింది. తల ఉన్న చోటు ఇంకా గుండ్రంగానే ఉంది, అంచు దగ్గర ముడి వెయ్యని ఊలు కొస ఒకటి జానెడు పొడుగున వేలాడుతోంది.